విశాఖ ఎత్తుల మీద లీటరు టర్బో ఇంజన్: 34 వేల కిలోమీటర్ల తరువాత

మా ఇల్లు మధురవాడలో, నా ఉద్యోగం గాజువాకలో. వారానికి మూడు నాలుగు రోజులు ఎండాడ ఎత్తు ఎక్కి దిగి, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటుకుంటూ పోయి రావలసిన నేను, 28 నెలల కిందట వెయ్యి సీసీ కూడా నిండని మూడు సిలిండర్ల టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోసే ఏర్పాటు) ఉన్న పెట్రోలు కారు కొన్నాను. అంతకుముందు మా ఇంట్లో పదేళ్లపాటు తిరిగినది 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల మామూలు పెట్రోలు బండి. ఇంజన్ చిన్నదై, ధర పెద్దదైన కారుకు అడ్వాన్సు కట్టి వచ్చానని చెప్పినప్పుడు మా నాన్నగారు, "ఉన్నదానికంటే చిన్న ఇంజన్ కోసం అంత డబ్బు పోయడమేమిట్రా?" అని అడిగారు. ఆ రోజు ఆయనకు కంపెనీ పుస్తకంలోని అంకెలు చూపించగలిగాను గాని సరైన జవాబు చెప్పలేకపోయాను. 34 వేల కిలోమీటర్లు తిరిగాక ఆ జవాబు నాకు కొంత తెలిసింది కనుక, ఇలాంటి ఇంజన్ కొందామా వద్దా అని ఆలోచిస్తున్న మన ఊరివాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

కారు పేరు, కంపెనీ పేరు ఇందులో రాయడం లేదు. సీట్లు, తెరలు, సన్‌రూఫ్ ఒక్కో కారులో ఒక్కో రకంగా ఉంటాయి. కానీ నేను చెప్పబోయే మంచిచెడ్డలు చాలావరకు ఈ తరగతి ఇంజన్లన్నింటిలోనూ ఉండేవే. నా బండి ఇంజన్ లీటరు పరిమాణంలో ఉంటుంది, టర్బో ఉంది, పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, గేర్లు ఆరు, అన్నీ చేత్తో వేసేవే. ఈ సమాచారం చాలు.

ముందుగా అంకెల సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ఇంజన్ల మీద మోజు పుట్టేది అక్కడే. హ్యుందాయ్ వెన్యూలోనూ కియా సోనెట్‌లోనూ వచ్చిన 998 సీసీ టర్బో ఇంజన్ 120 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలతే) శక్తిని, 172 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, ఇస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా కైలాక్‌లలోని 999 సీసీ ఇంజన్ 115 పీఎస్, 178 ఎన్ఎం ఇస్తుంది. మారుతీ ఫ్రాంక్స్‌లోని 998 సీసీ బూస్టర్‌జెట్ 100 పీఎస్, 147.6 ఎన్ఎం దగ్గర ఆగుతుంది. నిస్సాన్ మాగ్నైట్‌లోని 999 సీసీ టర్బో మాన్యువల్‌గేరు బండిలో 100 పీఎస్, 160 ఎన్ఎం ఇస్తుంది. వీటి పక్కన ఒక మామూలు ఇంజన్‌ను పెట్టి చూస్తేనే తేడా బోధపడుతుంది. అదే మారుతీ, అదే 998 సీసీ పరిమాణంలో, టర్బో లేకుండా సెలెరియో వంటి కార్లలో పెట్టిన ఇంజన్ శక్తి సుమారు 67 పీఎస్, టార్క్ 89 ఎన్ఎం మాత్రమే. సిలిండర్లు అవే మూడు, పరిమాణం అదే, అయినా టార్క్‌లో ఒకటికి ఒకటిన్నర రెట్లకు పైగా తేడా. మా నాన్నగారు మొదట నేర్చుకున్న మారుతీ 800 ఇంజన్ 796 సీసీకి 37 హార్స్‌పవర్ ఇచ్చేది. అంటే లీటరుకు లెక్క కడితే నలభై ఆరో నలభై ఏడో. ఇప్పటి లీటరు టర్బో ఇంజన్లు దానికి రెండు నుంచి రెండున్నర రెట్లు ఇస్తున్నాయి.

ఇంతకంటే ముందుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. టయోటా 2020లో తెచ్చిన జీఆర్ యారిస్‌లో 1618 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ 261 పీఎస్ ఇచ్చింది. మెర్సిడెస్ ఏఎంజీ 2019లో 1991 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్ నుంచి 421 పీఎస్ రాబట్టింది. అవి మనం కొనే బండ్లు కావు. మన దేశంలో ఈ దారి మొదట గట్టిగా చూపించినవాటిలో ఒకటి, 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌తో వచ్చిన 999 సీసీ ఎకోబూస్ట్. దాని బ్లాకును ఒక ఏ4 కాగితం మీద నిలబెట్టవచ్చునని అప్పట్లో కంపెనీ గొప్పగా చెప్పుకున్నది, 125 పీఎస్ ఇచ్చేది. ఆ ఇంజన్ ఉన్న బండిలో ఒక మిత్రునితో కలిసి భీమిలి బీచ్ రోడ్డులో వెళ్లిన రోజే నాకు ఈ ఇంజన్ల మీద ఆశ పుట్టిందని చెప్పుకోవాలి.

ఇంత చిన్న ఇంజన్‌కు అంత బలం ఎక్కడిది? పెట్రోలు ఒక వంతు మండాలంటే బరువులో దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. కనుక ఇంజన్ శక్తికి హద్దు పెట్టేది పెట్రోలు కాదు, గాలి. మామూలు ఇంజన్ తన పిస్టన్ కిందికి దిగేటప్పుడు పీల్చుకోగలిగినంత గాలినే తీసుకుంటుంది. టర్బో ఇంజన్‌లో, సైలెన్సర్ గొట్టంలోకి వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి ఈ ఆలోచనకు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఒత్తిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడుతుంది, అందుకని మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి చల్లారుస్తారు. ఆపైన పెట్రోలును వాతావరణ పీడనానికి వందల రెట్ల పీడనంతో నేరుగా సిలిండర్‌లోకి చిమ్మితే, అది ఆవిరవుతూ లోపలి వేడిని కొంత లాగేసుకుంటుంది. దానివల్ల నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకలాడడం) భయం తగ్గి, ఇంకాస్త గాలి ఒత్తే వీలు కలుగుతుంది. మొత్తం మీద ఇది పరిమాణంలో చిన్నదైనా, కావలసినప్పుడు పెద్ద ఇంజన్ అంత గాలి తాగే ఇంజన్. "కావలసినప్పుడు" అన్న మాటలోనే దీని గుణమంతా ఉంది, దోషమంతా ఉంది.

గరిష్ఠ శక్తి కంటే ఆ టార్క్ ఎక్కడ మొదలవుతుందన్నది ముఖ్యం. మామూలు ఇంజన్ తన పూర్తి టార్క్‌ను నాలుగు వేల ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దరిదాపుల్లో గాని ఇవ్వదు. టర్బో ఇంజన్లు చాలావరకు దాన్ని 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్యలోనే ఇచ్చి, 4000 దాకా అలాగే నిలబెడతాయి. కొత్త బండి బయటికి తీసిన మొదటి వారంలో ఎండాడ ఎత్తు మీద ఈ సంగతి అనుభవానికి వచ్చింది. పాత బండి నలుగురితో, ఏసీతో ఆ ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో ఊపిరి సలపక మూడుకు దిగేది. కొత్తది నాలుగులోనే, 2000 ఆర్‌పీఎం దగ్గర, శబ్దం పెంచకుండా ఎక్కేసింది. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రోడ్డు మీద లారీని దాటవలసి వస్తే, 80 నుంచి 100 కిలోమీటర్లకు పోవడానికి ఐదో గేరు మార్చవలసిన పని పడదు. ఒకప్పుడు 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్ నడిపినవాళ్లకు ఈ లాగుడు తెలిసినదే: ఆ ఇంజన్ 75 పీఎస్‌తో 190 ఎన్ఎం ఇచ్చేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చిన్న డీజిళ్లు చాలామటుకు కనుమరుగైనప్పుడు, వాటి లోటును కొంత తీర్చింది ఈ ఇంజన్లే.

కానీ ఘాట్ రోడ్డు ఈ ఇంజన్‌కు అసలైన పరీక్ష. సింహాచలం కొండ ఎక్కే రోడ్డులో కొన్ని మలుపుల దగ్గర వేగం పన్నెండు పదమూడు కిలోమీటర్లకు పడిపోతుంది, రెండో గేరులో ఇంజన్ 1200 ఆర్‌పీఎం దగ్గరకు దిగుతుంది. అక్కడ యాక్సిలరేటర్ తొక్కితే ఒకటి, ఒకటిన్నర సెకన్లపాటు ఏమీ జరగదు. పొగ తక్కువగా వస్తోంది కనుక చక్రం తిరగదు, చక్రం తిరగదు కనుక గాలి రాదు. ఆ క్షణంలో మీ కాలి కింద ఉన్నది 120 పీఎస్ ఇంజన్ కాదు, వెయ్యి సీసీ మామూలు ఇంజన్. తరువాత 1800 దాటగానే బలమంతా ఒక్కసారిగా వచ్చి బండి ముందుకు ఉరుకుతుంది, ముందు బస్సు ఉంటే కంగారుగా బ్రేకు వేయాలి. మొదటిసారి అమ్మను దర్శనానికి తీసుకువెళ్లినప్పుడు మూడో మలుపులో బండి ఆగినంత పని అయ్యి, వెనక వచ్చే ఆటో హారన్ కొట్టాడు. అమ్మ గాభరాపడి, "పాత బండే నయం నాన్నా" అన్నది. ఆ మాట నిజమే. ఆ మలుపులో, ఆ రెండు సెకన్లలో, పాత 1.2 ఇంజనే నయం.

దీనికి మందు నడిపేవాడి చేతిలో ఉంది. మలుపు తిరిగాక గేరు దించడం కాదు, మలుపుకు ముందే దించాలి. మొదటి గేరు వేయడం నామోషీ అనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ ఇంజన్‌తో ఆ అలవాటు మానుకోవాలి. రెండు నెలల్లో నా చేయి, చెవి దానికి అలవాటు పడ్డాయి, ఇప్పుడు అదే కొండ మీద అమ్మ నిశ్చింతగా కూర్చుంటుంది. అయితే ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే బండి అయితే అందరికీ ఈ అలవాటు చేయవలసి వస్తుందన్న సంగతి ముందే ఆలోచించుకోవాలి. టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు నూనె ద్వారా బలాన్ని అందించేది) ఆటోమేటిక్ ఉన్న బండ్లలో ఈ వెలితి చాలావరకు కప్పబడిపోతుంది, ఎందుకంటే గేరు తానే దించుకుంటుంది, కన్వర్టర్ జారుడు ఇంజన్‌ను పైకి లేవనిస్తుంది. కొండ మీద ఎక్కువగా తిరిగేవాళ్లు ఆటోమేటిక్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

గేరు సంగతి సుఖానికి మాత్రమే సంబంధించినది కాదు, ఇంజన్ ఆయుష్షుకూ సంబంధించినది. ఇలా నేరుగా పెట్రోలు చిమ్మే టర్బో ఇంజన్లను తక్కువ ఆర్‌పీఎం దగ్గర పెద్ద గేరులో బలంగా తొక్కితే, స్పార్క్ పడకముందే మిశ్రమం దానంతట అది అంటుకునే ప్రమాదం ఉంటుంది. ఇంజనీర్లు దీన్ని లో-స్పీడ్ ప్రీ-ఇగ్నిషన్ అంటారు. మామూలు నాకింగ్‌ను సెన్సార్ పట్టుకుని స్పార్క్‌ను వెనక్కి జరిపి సర్దుతుంది. ఇది స్పార్క్ కంటే ముందే జరుగుతుంది కనుక అలా సర్దడానికి వీలుండదు, తీవ్రంగా వస్తే పిస్టన్ పగిలేదాకా పోవచ్చు. మైలేజీ కోసం నాలుగో గేరులో 1300 ఆర్‌పీఎం మీద ఎత్తులెక్కించే పొదుపరులు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు: ఎత్తు వస్తే గేరు దించండి, 1800కు తగ్గకుండా చూసుకోండి.

అరకు ప్రయాణంలో ఈ ఇంజన్ నా మనసు పూర్తిగా గెలుచుకుంది. శృంగవరపుకోట దాటి బొడ్డవర నుంచి మొదలయ్యే ఘాట్ మీద, ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ. పాత బండితో ఇదే దారిలో రెండో గేరులో నాలుగు వేల ఆర్‌పీఎం మీద ఇంజన్ గోల పెడుతుంటే ఏసీ ఆపేసి, కిటికీలు దించి ఎక్కిన రోజులు నాకు గుర్తున్నాయి. ఈసారి మలుపుల్లో రెండు, తిన్నగా ఉన్న చోట మూడు, అంతే. 2200, 2500 ఆర్‌పీఎం మధ్య మాట్లాడుకుంటూ అనంతగిరి చేరాము. ఇక్కడ మరొక లాభం కూడా ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్ర తీరం కంటే దాదాపు పదో వంతు తగ్గుతుంది, మామూలు ఇంజన్ బలమూ ఆ మేరకు తగ్గుతుంది. టర్బో చక్రం ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటు భర్తీ చేసుకుంటుంది. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర కూడా బండి ఆర్కే బీచ్‌లో లాగినట్టే లాగింది.

దిగేటప్పటి సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ బండిని పట్టి ఉంచే బలం ఉంటుంది కదా, అది ప్రధానంగా ఇంజన్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలాక టర్బో ఆ పనిలో సాయపడదు. పైగా ఈ బండ్లలో మైలేజీ కోసం గేర్లను పొడవుగా పెడతారు. కనుక ఎక్కేటప్పుడు పెద్ద ఇంజన్‌లా ప్రవర్తించిన బండి, దిగేటప్పుడు చిన్న ఇంజన్‌లా ప్రవర్తిస్తుంది. యారాడ కొండ మీద నుంచి ఊళ్లోకి దిగే నిటారు రోడ్డులో మూడో గేరులో దిగబోయి, బ్రేకు మీద నుంచి కాలు తీయలేక, కిందకు చేరేసరికి చక్రాల దగ్గర కమురు వాసన రావడం నేను స్వయంగా చూశాను. అప్పటి నుంచి ఎక్కిన గేరు కంటే ఒకటి తక్కువలోనే దిగుతున్నాను.

ఊళ్లో రోజువారీ రద్దీలో ఈ ఇంజన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని మీద నా ఫిర్యాదు కూడా. తాటిచెట్లపాలెం నుంచి ఎన్ఏడీ దాకా సాయంత్రం ఆరు గంటలకు మొదటి గేరు, రెండో గేరు మధ్య నలిగే బండికి టర్బో ఉన్నా లేకపోయినా ఒకటే. మూడు సిలిండర్ల కంపనం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌లోనూ గేరు రాడ్‌లోనూ తెలుస్తూనే ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే ప్రతి 180 డిగ్రీలకు ఒక పేలుడు ఉంటే, మూడింటిలో 240 డిగ్రీలకు ఒకటి. ఆ ఎడంతో పాటు ఇంజన్ ముందుకూ వెనక్కూ ఊగే స్వభావం కూడా ఉంటుంది. కొత్తవాటిలో దీన్ని బాగా అణిచారు, కానీ పూర్తిగా పోలేదు. కదిలాక ఆ కంపనం ఉండదు, పైగా మూడు సిలిండర్ల గొంతులో ఒక రకమైన గరగర ఉంటుంది, నాకది ఇష్టం. మా నాన్నగారికి అది ఆటో శబ్దంలా వినిపిస్తుందట.

మైలేజీ విషయంలో కొనేవాళ్లు మోసపోకుండా ఉండాలి. ఇంజన్ చిన్నది కనుక తక్కువ తాగుతుందన్నది సగం నిజం. ట్యాంకు నిండా కొట్టించి లెక్క కట్టుకున్న నా అంకెలు ఇవి: ఊళ్లో 11 నుంచి 12.5, హైవే మీద 90 దాటకుండా వెళితే 18 దగ్గర, అదే హైవే మీద 110 మీద తోలితే 14కు పడిపోతుంది. అరకు ఘాట్ ఎక్కేటప్పుడు బండి తెర మీద తొమ్మిది చూపించింది. టర్బో గాలి ఇచ్చినప్పుడల్లా ఆ గాలికి సరిపడా పెట్రోలు పోయవలసిందే; బలం వాడుకున్నంతసేపూ అది పెద్ద ఇంజన్ అంతే తాగుతుంది, వాడుకోనప్పుడే ఆదా చేస్తుంది. మా పాత 1.2 బండి ఊళ్లో 13కు తగ్గేది కాదు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ కనుక, ఎవరి బండికైనా మైలేజీ కొంత తగ్గక మానదు. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ కనుక నాకింగ్‌ను తట్టుకునే గుణం మాత్రం మెరుగు, అది టర్బో ఇంజన్‌కు పనికివచ్చేదే. ఎక్కువ ధర ఉండే 95 ఆక్టేన్ పెట్రోలును మూడు ట్యాంకులు వాడి చూశాను. మే నెల ఎండలో నిండు బరువుతో ఎత్తెక్కినప్పుడు బండి కాస్త హుషారుగా ఉన్నట్టు అనిపించింది గాని, ఊళ్లో తేడా తెలియలేదు, మానేశాను.

మే నెల అన్నాను కనుక వేడి గురించి కూడా చెప్పాలి. మన ఊరి వేసవిలో వేడీ, ఉక్కా రెండూ కలిసే ఉంటాయి. రద్దీలో అరగంట నిలిచి నిలిచి కదిలిన తరువాత, షీలానగర్ దగ్గర రోడ్డు ఖాళీ అయి గట్టిగా తొక్కినప్పుడు, మొదటి అర నిమిషం బండి ఉదయం లాగినట్టు లాగదు. ఇంటర్‌కూలర్‌కు తగిలే గాలి లేక అది వేడెక్కి ఉంటుంది. బండి వేగం అందుకున్నాక, గాలి తగిలాక, మళ్లీ మామూలవుతుంది. ఇది లోపం కాదు, దీని స్వభావం. కానీ కూలంట్ మట్టాన్ని నెలకొకసారి చూసుకోవడం, పంపు నీళ్లు పోయకుండా కంపెనీ చెప్పిన కూలంటే పోయడం ఈ ఇంజన్ విషయంలో తప్పనిసరి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది ఇంజన్ ఆయిల్. రెండో సర్వీసు ఊళ్లోని ఒక అధీకృత సర్వీసు సెంటర్‌లో చేయించాను. బిల్లులో ఆయిల్ గ్రేడు చూస్తే, బండి పుస్తకంలో రాసి ఉన్న పలచటి సింథటిక్‌కు బదులు 10డబ్ల్యూ-40 అని ఉంది. అడిగితే, "ఇక్కడి ఎండలకు చిక్కటిదే మంచిది సార్, అందరికీ ఇదే వేస్తున్నాం" అన్నారు. నేను పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించి, గంటన్నర కూర్చుని, ఆ ఆయిల్ దింపించి సరైనది పోయించుకుని గాని ఇంటికి రాలేదు. ఎందుకంత పట్టుదల అని అనిపించవచ్చు. గాజువాక ఆటోనగర్‌లో టర్బోలు విప్పి బాగుచేసే ఒక పెద్దాయన, కాలిపోయిన టర్బో ఒకటి నా చేతిలో పెట్టి చూపించాడు. ఇరుసు నా చిటికెన వేలంత లావు కూడా లేదు. "ఇది దేనికీ ఆనుకోదు బాబూ, నూనె పొర మీద తేలుతాది. పొర తెగితే అయిపోనాదే" అన్నాడు. ఇలాంటి చిన్న టర్బోల చక్రాలు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతాయి, ఒక పక్క చక్రానికి తగిలే పొగ 900 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండవచ్చు. ఆ వేడికీ ఆ వేగానికీ మధ్య ఉన్నది నూనె పొర ఒక్కటే.

ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్పీ అనే అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. 2020లో వచ్చిన ఈ ప్రమాణం, నేను పైన చెప్పిన ముందస్తు మంట ప్రమాదాన్ని తగ్గించేలా పరీక్షించిన ఆయిళ్లకే ఇస్తారు. ఆయిల్‌లో శుభ్రపరచడానికి కలిపే కాల్షియం పదార్థాల పాళ్లు ఎక్కువైతే ఆ ప్రమాదం పెరుగుతుందని తేలాక, వాటిలో కొంత భాగాన్ని మెగ్నీషియంతో మార్చి తయారు చేస్తున్నారు. గ్రేడు మాత్రం మీ బండి పుస్తకంలో ఏది ఉంటే అదే. నా బండి ఆయిల్‌ను పుస్తకం చెప్పిన గడువు కంటే కొంచెం ముందే, ఏడున్నర వేల కిలోమీటర్లకే మార్పిస్తున్నాను. ఊరి రద్దీలో ఇంజన్ తిరిగిన గంటలు కిలోమీటర్ల లెక్కలో కనపడవు కదా. పొద్దున్నే స్టార్టు చేసిన వెంటనే గట్టిగా తొక్కను. ఘాట్ ఎక్కి పైన ఆగినప్పుడు వెంటనే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరగనిచ్చి) ఉంచుతాను. ఇప్పటి టర్బోల్లో చాలావాటికి నీటితో చల్లబరిచే ఏర్పాటు ఉన్నా, ఆ నిమిషంతో పోయేదేమీ లేదు.

పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడే ఇంజన్లలో, గాలి వచ్చే వాల్వుల వెనక భాగాన్ని పెట్రోలు కడగదు. ఆయిల్ ఆవిరి తగిలి అక్కడ మసి పేరుకుంటుంది. నా బండిలో ఇంకా ఆ లక్షణాలేమీ కనిపించలేదు. అరవై డెబ్బై వేల కిలోమీటర్లకు ఒకసారి తెరిచి చూపించాలని అనుకుంటున్నాను, ఆ ఖర్చును ఇప్పటి నుంచే లెక్కలో పెట్టుకున్నాను.

మన ఊళ్లో కుర్రవాళ్లు కొందరు ఈ ఇంజన్లకు రీమ్యాప్ చేయించి మరో ఇరవై ముప్పై పీఎస్ పెంచుకుంటున్నారు. కంప్యూటర్‌లో అంకెలు మార్చి గాలి పీడనం పెంచడం సులభమే. కానీ ఆ బలాన్ని మోయవలసిన క్లచ్, గేర్‌బాక్సు, పిస్టన్లు పాతవే. వారంటీ కూడా ఆ రోజుతో చెల్లిపోయినట్టే. వెయ్యి సీసీ నుంచి కంపెనీవాళ్లు ఇప్పటికే ఎంతో రాబట్టారు. దయచేసి ఆ పని చేయించకండి.

ఇన్ని లీటరు, 1.2 లీటర్ల టర్బోలు మన దేశంలో ఎందుకు పుట్టుకొచ్చాయన్నదానికి ఇంజనీరింగ్‌తో పాటు పన్నుల కారణం కూడా ఉంది. పెట్రోలు కారైతే నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని ఇంజన్ ఉంటేనే చిన్న కారుగా లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటి కార్ల మీద జీఎస్టీ 18 శాతం, ఆ హద్దు దాటినవాటి మీద 40 శాతం. ఆ గీత లోపల ఉంటూనే పెద్ద బండి బలం ఇవ్వాలంటే కంపెనీలకు టర్బో తప్ప దారి లేదు. అయితే మామూలు 1.2 ఇంజన్ కూడా ఆ గీత లోపలిదే కనుక, ఆ పన్ను లాభం దానికీ ఉందని కొనేవాళ్లు మరిచిపోకూడదు. ఒకే కారులో రెండు ఇంజన్లూ ఉన్నప్పుడు టర్బో కోసం పెట్టే అదనపు డబ్బును మైలేజీతో తిరిగి రాబట్టుకోలేరు. దాన్ని ఎత్తుల మీదా, హైవే మీదా సుఖంగానే తీసుకోవాలి.

అందుకే మా నాన్నగారు ఈ మధ్య తనకోసం ఒక చిన్న బండి చూడమన్నప్పుడు, నేనే ఆయన్ను టర్బో వద్దన్నాను. ఆయన పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతుబజారుకూ, సాయంత్రం బీచ్‌కూ, నెలకొకసారి ఆసుపత్రికీ వెళ్లి వస్తారు. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆగిపోయే అలాంటి చిన్న చిన్న ప్రయాణాలు నేరుగా చిమ్మే టర్బో ఇంజన్‌కు మంచివి కావు: కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. ఆయనకు 1.2 నాలుగు సిలిండర్ల మామూలు ఇంజన్ చాలు, అదే కొన్నాము. నెలకు రెండుసార్లయినా ఘాట్ ఎక్కేవాళ్లూ, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం వంటి ఊళ్లకు నిండు బండితో హైవే మీద తిరిగేవాళ్లూ మాత్రం టర్బో తీసుకోవచ్చు, నేను మళ్లీ కొనవలసి వచ్చినా ఇదే కొంటాను.

టెస్ట్ డ్రైవ్ గురించి ఒక మాట. ఇక్కడి షోరూంలవాళ్లు సాధారణంగా చదునుగా ఉన్న హైవే మీద రెండు కిలోమీటర్లు తిప్పి తెస్తారు. అక్కడ ఈ ఇంజన్ అద్భుతంగా కనిపిస్తుంది, కనిపించి తీరుతుంది. మీరు మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లండి, ఇంట్లోవాళ్లను ముగ్గురిని వెంట తీసుకువెళ్లండి, ఏసీ వేయించండి, బండిని హనుమంతవాక నుంచి అడవివరం మీదుగా సింహాచలం కొండ ఎక్కనివ్వమని అడగండి. ఒక మలుపులో రెండో గేరులోనే ఉంచి, వేగం పడిపోయాక యాక్సిలరేటర్ తొక్కి, బండి అందుకునే దాకా మనసులో అంకెలు లెక్కపెట్టండి. తరువాతి మలుపులో ముందుగానే మొదటి గేరు వేసి మళ్లీ చూడండి. ఆ తేడా మీ చేతికి నచ్చితే అడ్వాన్సు కట్టండి. విసుగనిపిస్తే అదే షోరూంలో మామూలు ఇంజన్ బండిని బయటికి తీయించి, అదే కొండ మీద మరొకసారి ఎక్కించి చూడండి.